ఇంటి నుంచి చేసే కస్టమర్ సర్వీస్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ: అసలు వాళ్లు చూసేది ఏమిటి?

తొలకరి:

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా దుకాణం కౌంటర్‌లో నిలబడి, ఎదుటి మనిషి ముఖం చూస్తూ పని చేయడం నాకు అలవాటు. ఇప్పుడు ఇంటి నుంచే ఫోన్‌లోనూ చాట్‌లోనూ కస్టమర్లకు సమాధానం చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. వచ్చే వారం ఇంటర్వ్యూ ఉందని మెయిల్ వచ్చింది. ముందు హెచ్ఆర్ వారితో వీడియోలో సంభాషణ, తరువాత టైపింగ్ పరీక్ష, ఆ తరువాత మాక్ కాల్ (కస్టమర్‌లా నటించేవారితో నమూనా ఫోన్ సంభాషణ), చివరగా టీమ్ లీడ్‌తో మాట్లాడటం ఉంటాయట. వీటన్నిటికంటే ముందు నా కంప్యూటర్‌నూ ఇంటర్నెట్‌నూ పరీక్షించే లింకు ఒకటి పంపారు.

ఇంటర్నెట్‌లో దొరికే మాదిరి జవాబులు చదివాను గానీ, అవి ఏ ఉద్యోగానికైనా సరిపోయేలా ఉన్నాయి. ఇంటి నుంచి చేసే పనికి మనిషిని ఎంచుకునేటప్పుడు ప్రత్యేకంగా దేన్ని చూస్తారు? కౌంటర్ అనుభవాన్ని వాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పుకోవాలి? ఈ పనిలో ఉన్నవారు, ముఖ్యంగా ఇంటర్వ్యూలు చేసేవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

రెండో షిఫ్టు:

తొలకరి గారూ, కొత్తవారిని ఇంటర్వ్యూ చేయడం నా పనిలో భాగం కాబట్టి మా వైపు నుంచి కనిపించేది చెబుతాను. ఆఫీసులో కూర్చున్న కొత్త ఏజెంటుకు కాల్ మధ్యలో ఏమీ తోచకపోతే చెయ్యెత్తుతాడు, పక్క సీటులోని పాత ఏజెంటో అటుగా తిరుగుతున్న సూపర్‌వైజరో వచ్చి ఒక మాట చెబుతారు. ఇంట్లో ఆ సదుపాయం లేదు. సహాయం కావాలంటే కస్టమర్‌తో మాట్లాడుతూనే టీమ్ చాట్‌లో ప్రశ్న టైపు చేయాలి, జవాబు వచ్చేలోగా అవతలి మనిషి విసిగిపోకుండా చూసుకోవాలి. అందుకని మేము అడిగే ప్రశ్నలు ఏ రూపంలో ఉన్నా, మేము తెలుసుకోవాలనుకునేది ఒకటే: దారి తోచనప్పుడు, పక్కన ఎవరూ లేనప్పుడు, ఈ మనిషి ఏం చేస్తాడు?

"కస్టమర్ అడిగినదానికి జవాబు మీకు తెలియదు, అప్పుడేం చేస్తారు?" అని సూటిగానే అడుగుతాము. "సూపర్‌వైజర్‌ను అడుగుతాను" అనడం తప్పు కాదు గానీ, అక్కడితో ఆగిపోతే అది అరకొర జవాబు. ముందు నాలెడ్జ్ బేస్‌లో, అంటే సంస్థ తయారుచేసి పెట్టిన జవాబుల భండారంలో వెతుకుతాను, అందుకు ఎంత సేపు పడుతుందో చెప్పి కస్టమర్ అనుమతి తీసుకుంటాను, అక్కడ దొరక్కపోతే టీమ్ చాట్‌లో పూర్తి వివరాలతో అడుగుతాను, అప్పటికీ తేలకపోతే ఊహించి చెప్పకుండా టికెట్ (నంబరుతో సమస్య నమోదు) తెరిచి, ఎప్పటిలోగా తిరిగి ఫోన్ చేస్తానో చెప్పి, ఆ వేళకు చేస్తాను అని వరసగా చెప్పగలిగినవారికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మాక్ కాల్‌లో నేను తరచుగా వేసే పాత్ర ఇది. పార్సిల్ అందినట్టు వెబ్‌సైటులో చూపిస్తోంది కానీ అందలేదు, నిన్న కూడా ఫోన్ చేశాను, ఎవరూ పట్టించుకోలేదు. గొంతు పెంచి ఈ నాలుగు మాటలూ అడ్డదిడ్డంగా చెప్పి ఊరుకుంటాను. చాలామంది "క్షమించండి, క్షమించండి" అంటూ వెంటనే ఆర్డర్ నంబర్ అడుగుతారు. ఒక అభ్యర్థి మాత్రం, "నిన్న కూడా ఫోన్ చేశానన్నారు కదండీ, నిన్న మావాళ్లు మీకేం చెప్పారు?" అని అడిగింది. నేను చెప్పిందంతా ఆమె విన్నదని ఆ ప్రశ్నతోనే తెలిసిపోయింది, ఇక కోపం కొనసాగించడానికి నాకు కారణం కనిపించలేదు. ఆ తరువాతే ఆర్డర్ నంబర్ అడిగింది, పేరూ చిరునామా సరిచూసుకుంది, ఇంట్లో ఇంకెవరైనా అందుకుని ఉండవచ్చేమో అన్నది నింద ధ్వనించకుండా కనుక్కుంది, తాను చేయబోయేదేమిటో, కస్టమర్ ఎప్పటిదాకా ఆగాలో చెప్పి ముగించింది. కౌంటర్‌లో పని చేసినవారికి ఈ వినే గుణం అలవడి ఉంటుంది. కాకపోతే అక్కడ కళ్లతోనూ తలూపడంతోనూ చేసిన పనిని ఇక్కడ మాటతోనే చేయాలి. "అర్థమైందండీ", "రాసుకుంటున్నానండీ" అన్న చిన్న మాటలు లేకపోతే అవతలివారికి లైను తెగిపోయిందేమోనన్న అనుమానం వస్తుంది.

వినికిడి:

నేను కాల్ క్వాలిటీ విభాగంలో ఉన్నాను, రికార్డయిన కాల్స్ విని మార్కులు వేయడం నా పని. రెండో షిఫ్టు గారు చెప్పినదానికి రెండు విషయాలు చేర్చదలిచాను.

మొదటిది, మాక్ కాల్‌లో పెట్టే పరీక్షల్లో చాలామంది గమనించనిది ఒకటుంది. ఇంటర్వ్యూ చేసేవారు ఖాతాదారుగా కాక ఖాతాదారు అన్నగానో భర్తగానో మాట్లాడి, "ఆమె పనిలో ఉంది, బ్యాలెన్స్ ఎంతుందో నాకు చెప్పండి చాలు" అని బతిమాలుతారు. మంచితనం కొద్దీ చెప్పేసినవారు అక్కడే ఆగిపోతారు. ఖాతా ఎవరి పేరు మీద ఉందో వారిని గుర్తించే ప్రశ్నలు పూర్తయ్యేదాకా ఏ వివరమూ బయటపెట్టకూడదు. అయితే "కుదరదు" అని ముఖం మీద తలుపు వేయకుండా, "ఇదే నియమం మీ ఖాతాను కూడా కాపాడుతుంది, ఆవిడ లైన్‌లోకి వస్తే ఒక్క నిమిషంలో చెప్పేస్తాను" అంటూ దారి చూపించాలి.

రెండోది, కొలతల గురించి అడిగితే తడబడకుండా ఉండేందుకు కొంత తెలుసుకుని వెళ్లండి. ఒక కాల్‌కు సగటున పట్టే సమయాన్ని ఏహెచ్‌టీ అంటారు. అందులో మాట్లాడిన సమయం ఒక్కటే కాదు, హోల్డ్‌లో ఉంచిన సమయమూ, ఫోన్ పెట్టేశాక వివరాలు నమోదు చేసే సమయమూ కలుస్తాయి. మొదటి కాల్‌లోనే సమస్య తీరిందా లేదా అన్నది ఎఫ్‌సీఆర్. కాల్ తరువాత కస్టమర్ ఇచ్చే రేటింగు సీశాట్. "మమ్మల్ని మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా?" అని 0 నుంచి 10 వరకు అంకె అడిగి లెక్కగట్టేది ఎన్‌పీఎస్, దీన్ని వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైకెల్డ్ 2003లో ప్రతిపాదించారు. ఎన్‌పీఎస్‌లో 9, 10 ఇచ్చినవారే మెచ్చినవారి లెక్కలోకి వస్తారు, 6 వరకు ఇచ్చినవారందరూ మెచ్చనివారే. వచ్చిన కాల్స్‌లో 80 శాతాన్ని 20 సెకన్లలోపు ఎత్తాలన్నది ఈ రంగంలో చాలాచోట్ల పాటించే లక్ష్యం.

ఇవన్నీ అప్పజెప్పమని ఎవరూ అడగరు. "కాల్ త్వరగా ముగించడం ముఖ్యమా, సమస్య తీర్చడం ముఖ్యమా?" అని అడిగినప్పుడు మాత్రం ఇవి అక్కరకొస్తాయి. తొందరపడి మూడు నిమిషాల్లో ముగించిన కాల్, సమస్య తీరక మర్నాడు మళ్లీ వస్తే అది రెండు కాల్స్ అవుతుంది, పైగా రెండోసారి కస్టమర్ కోపంతో వస్తాడు. అందుకే మొదటిసారే తీర్చడానికి ప్రయత్నిస్తాను, వృథాగా పోయే సమయాన్ని మాత్రం తగ్గిస్తాను, ఉదాహరణకు మాట్లాడుతూనే వివరాలు నమోదు చేస్తాను అని చెప్పండి. నా అనుభవంలో ఇంతకంటే నమ్మదగిన జవాబు వినలేదు.

కేబుల్:

నాది నెట్‌వర్క్ పని. ఇంటి నుంచి పని చేసే ఏజెంట్లకు సిస్టమ్ సిద్ధం చేసి ఇస్తుంటాను కాబట్టి ఆ లింకు గురించి చెబుతాను. చాలామంది "నా ఇంటర్నెట్ వేగం ఎక్కువే" అని ధీమాగా ఉంటారు. నిజానికి ఒక ఫోన్ సంభాషణకు పట్టేది చాలా తక్కువ. గొంతును డేటాగా మార్చడానికి సాధారణంగా వాడే జీ.711 పద్ధతిలో గొంతుకు సెకనుకు 64 కిలోబిట్లు, దాన్ని మోసుకెళ్లే హంగులన్నీ కలిపినా దాదాపు 90 కిలోబిట్లు చాలు. గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించడానికి కారణం చాలాసార్లు వేగం లేకపోవడం కాదు, డేటా ప్యాకెట్లు దారిలో పోవడమూ, ఒకటి త్వరగా ఒకటి ఆలస్యంగా చేరడమూ. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు చెబుతుంది. అది బాగా పెరిగితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడుతుంటారు, ఇంటర్వ్యూలో అది మీ మర్యాద లోపంలా కనిపించే ప్రమాదం ఉంది.

అందుకని వైఫైని నమ్ముకోకుండా రౌటర్ నుంచి కంప్యూటర్‌కు ఈథర్‌నెట్ కేబుల్ వేయండి. చాలా కంపెనీలు ఉద్యోగంలోనూ ఇదే షరతు పెడతాయి కాబట్టి "కేబుల్ మీదే ఉన్నాను" అన్న మాట ఇంటర్వ్యూలో మీకు అనుకూలంగా పని చేస్తుంది. పరీక్ష లింకును ఒక్కసారి నడిపి వదిలేయవద్దు. ఇంట్లో అందరూ వీడియోలు చూసే వేళలో కూడా నడిపి చూడండి, ఎందుకంటే మీ షిఫ్టు ఆ వేళలోనే పడవచ్చు. యూఎస్‌బీ హెడ్‌సెట్ అయితే మంచిది. మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివర, రెండు వేళ్ల దూరంలో ఉంచితే ఊపిరి శబ్దం పడదు. ముందు రోజే కంప్యూటర్ అప్‌డేట్లు పూర్తి చేసి, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి ఉంచండి. కరెంటు పోతే ఏం చేస్తారని తప్పకుండా అడుగుతారు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉందా, ఫోన్ హాట్‌స్పాట్ ఎంతసేపు ఆదుకుంటుంది అన్నవి ముందే ప్రయత్నించి చూసి చెప్పండి.

తొలకరి:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. కౌంటర్ పనికీ దీనికీ తేడా ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది. ఒక ఇబ్బంది ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు, చిన్న పిల్లాడు ఉన్నాడు. పని చేసుకోవడానికి ఒక గది వేరుగా కుదురుతుంది గానీ, పూర్తి నిశ్శబ్దం ఉంటుందని మాట ఇవ్వలేను. ఈ సంగతి ఇంటర్వ్యూలో చెప్పాలా, చెప్పకుండా ఉండాలా?

సూటిమాట:

చెప్పవద్దు. మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారన్నది వారికి అనవసరం. పిల్లలున్నారని చెప్పినందుకే పక్కన పెట్టేసే వారు ఉంటారు, అలా పెట్టేశారని మీకు ఎన్నటికీ తెలియదు. అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పండి: "తలుపు వేసుకునే గది ఉంది, షిఫ్టు వేళల్లో అది పూర్తిగా నా పనికే." అంతకు మించి ఒక్క మాట కూడా అక్కర్లేదు.

మధ్యాహ్నపు ఎండ:

సూటిమాట గారితో సగమే ఏకీభవిస్తాను. నేను ఇద్దరు పిల్లలను పెట్టుకుని ఇదే పని చేస్తున్నాను. కుటుంబ వివరాలు మనంతట మనం చెప్పనక్కర్లేదన్నది నిజమే. కానీ గది గురించి చెప్పే మాట ఉద్యోగంలో చేరాక కూడా నిలబడేదై ఉండాలి. ఇది చప్పుడుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. కార్డు చెల్లింపులు తీసుకునే ఉద్యోగమైతే పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణం వర్తిస్తుంది. కార్డు వెనుక ఉండే మూడంకెల కోడ్‌ను, లావాదేవీకి అనుమతి వచ్చాక, ఎక్కడా దాచి ఉంచకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. కాగితం మీద రాసుకున్నా అది దాచినట్టే అవుతుంది కాబట్టి కొన్ని సంస్థలు బల్ల మీద కాగితం, పెన్ను, సొంత ఫోన్ ఏవీ ఉండకూడదంటాయి, కొన్ని కెమెరా ఆన్‌లో ఉంచమంటాయి. అలాంటిచోట పిల్లాడు గదిలోకి వచ్చి స్క్రీన్ ముందు నిలబడితే అది నియమాల ఉల్లంఘన అవుతుంది.

కాబట్టి ఇంటర్వ్యూకు ముందే ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడుకోండి. నా షిఫ్టు వేళల్లో పిల్లాడిని ఎవరు చూసుకుంటారు, వాళ్లకు ఒంట్లో బాగోలేకపోతే ఎవరు, తలుపు కొట్టాల్సినంత అవసరం దేన్ని అనుకుంటాము అన్నవి తేల్చుకున్నాక, "అంతరాయం లేకుండా చూసుకునే ఏర్పాటు నాకు ఉంది" అన్న మాట మీ గొంతులో గట్టిగా పలుకుతుంది. ఆ ఏర్పాటు లేకుండా అదే మాట అంటే, అవతలివారు ఇంకో ప్రశ్న వేయగానే మాట తడబడుతుంది.

రెండో షిఫ్టు:

ఇంటర్వ్యూ చేసే వ్యక్తిగా చెబుతున్నాను, మాకు కావలసింది గదీ వేళలూ మాత్రమే, కుటుంబం కాదు. కుటుంబం గురించి అడిగే హక్కు కూడా మాకు లేదనే నా అభిప్రాయం. ఎవరైనా అడిగితే, "షిఫ్టు వేళల్లో నాకు అంతరాయం ఉండదండీ" అని సంభాషణను మళ్లీ పని మీదికి తీసుకురండి. ఒకవేళ ఇంటర్వ్యూ మధ్యలో కుక్క మొరిగినా, తలుపు చప్పుడైనా కంగారుపడి పదే పదే క్షమాపణ చెప్పవద్దు. మ్యూట్ చేసి, సర్దుకుని, "ఒక్క క్షణం ఆగినందుకు ధన్యవాదాలు" అని ఆగినచోటు నుంచే కొనసాగించండి. రేపు కస్టమర్‌తో ఉన్నప్పుడు కూడా మీరు చేయాల్సింది అదే కాబట్టి, దాన్ని మేము లోపంగా కాక పనితనంగా చూస్తాము.

గణాంకం:

"మీకు ఇంటి నుంచే పని ఎందుకు కావాలి?" అన్న ప్రశ్న గురించి ఎవరూ ప్రస్తావించలేదు. ప్రయాణం తప్పుతుందనో, ఇంటికి దగ్గరగా ఉండవచ్చనో చాలామంది చెబుతారు. అవి అబద్ధాలు కావు గానీ, అడిగేవారి ఆందోళన వేరే ఉంది. ఈ విషయం మీద ఒక ప్రసిద్ధ పరిశోధన ఉంది. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ కాల్ సెంటర్ ఉద్యోగులతో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహ పరిశోధకులు తొమ్మిది నెలలు ప్రయోగం చేసి, ఫలితాలను 2015లో ప్రచురించారు. ఇష్టపడి ముందుకు వచ్చినవారిలో ఎవరు ఇంటి నుంచి పని చేయాలో, ఎవరు ఆఫీసులోనే ఉండాలో పుట్టిన తేదీ సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి నిర్ణయించారు. ఇంటి నుంచి చేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది. అందులో 9 శాతం విరామాలూ సెలవులూ తగ్గి షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల, మిగిలిన 4 శాతం నిమిషానికి ఎక్కువ కాల్స్ చేయడం వల్ల వచ్చింది. ఉద్యోగం మానేసేవారి సంఖ్య సగానికి తగ్గింది.

ఆ తరువాత జరిగింది నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. ప్రయోగం ముగిశాక ఇల్లా ఆఫీసా అన్నది మళ్లీ ఎంచుకోమంటే, పాల్గొన్నవారిలో సగానికి పైగా తమ మనసు మార్చుకున్నారు. ఇంట్లో ఒంటరితనం భరించలేక ఆఫీసుకు తిరిగివెళ్లినవారు అందులో ఉన్నారు. పైగా ఒకే స్థాయి పనితీరు చూపినా, ఇంటి నుంచి చేసేవారికి పదోన్నతులు తక్కువగా వచ్చాయి. ఆ ప్రయోగంలో చేరడానికి పెట్టిన అర్హతలు కూడా గమనించండి: ఆ సంస్థలో కనీసం ఆరు నెలల అనుభవం, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, విడిగా ఒక గది.

ఇక మీ జవాబులో ఒంటరిగా పని చేయడం మీకు ఎందుకు సరిపడుతుందో చెప్పండి. పని చేసే చోటును వేరుగా ఉంచుకుంటాను, టీమ్ చాట్‌లో అందుబాటులో ఉంటాను, విరామంలో కుర్చీ నుంచి లేచి బయటికి వెళ్తాను, వారానికోసారి లీడ్‌తో మాట్లాడే ఏర్పాటు ఉంటే దాన్ని సద్వినియోగం చేసుకుంటాను అంటే, ఆలోచించి వచ్చారని వాళ్లకు అర్థమవుతుంది.

అక్షరం:

చాట్ పని కూడా ఉందన్నారు కాబట్టి రాతపరీక్ష సంగతి చెబుతాను. టైపింగ్‌లో నిమిషానికి 30 నుంచి 40 పదాలు, తప్పులు తక్కువగా ఉంటే చాలాచోట్ల గట్టెక్కవచ్చు. వేగం కంటే తప్పులే ఎక్కువ నష్టం చేస్తాయి. చాట్‌లో ఒకేసారి ఇద్దరు ముగ్గురు కస్టమర్లతో మాట్లాడాల్సి రావడం మామూలే, ఒకరికి రాసింది మరొకరికి పంపకుండా ఉండటమే అక్కడి అసలు నైపుణ్యం.

చాలాచోట్ల కటువుగా ఉన్న ఒక జవాబు ఇచ్చి దాన్ని తిరగరాయమంటారు. "మీ వాపసు అభ్యర్థన పరిశీలనలో ఉంది. వేచి ఉండగలరు" అని ఇస్తే, మర్యాద పదాలు రెండు చేర్చి ఊరుకునేవారే ఎక్కువ. కస్టమర్‌కు తెలియనిదేమిటో చూడండి: ఎవరు పరిశీలిస్తున్నారు, ఎప్పటికి తేలుతుంది, తేలకపోతే ఎవరిని అడగాలి. "మీరు వెనక్కి పంపిన వస్తువు మాకు అందింది. డబ్బు వాపసుకు చెల్లింపుల విభాగం శుక్రవారంలోగా అనుమతి ఇస్తుంది, ఇవ్వగానే మీకు మెయిల్ వస్తుంది. శనివారానికి కూడా మెయిల్ రాకపోతే ఇదే చాట్‌లో రాయండి, ఈ టికెట్ నంబర్ చెబితే మళ్లీ మొదటి నుంచి వివరించే పని ఉండదు." దీనిలో అలంకారం ఏమీ లేదు, కానీ చదివినవారికి మళ్లీ ప్రశ్న అడగాల్సిన అవసరం రాదు.

కస్టమర్‌కు ఏం రాయాలో ఏజెంటుకు సూచించే ఏఐ సాధనాన్ని వాడతారా అని కూడా ఈమధ్య అడుగుతున్నారు. ఒక సంస్థలోని 5,179 మంది సపోర్ట్ ఏజెంట్ల పనిని పరిశీలించి 2023లో వెలువడిన అధ్యయన పత్రం, అటువంటి సలహా సాధనం వాడినవారు గంటకు తీర్చే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయని, కొత్తవారిలో ఆ పెరుగుదల 34 శాతం వరకు ఉందని చెప్పింది. అందుచేత "వాడను" అనవద్దు. సాధనం ఇచ్చిన వాక్యాన్ని కస్టమర్ ఖాతాలోని వివరాలతో సరిచూసి, తప్పుంటే దిద్ది, అప్పుడే పంపుతాను అనండి.

నిదానం:

చదువుతున్నవారిలో నాలా నత్తి ఉన్నవారు ఉంటే వారికోసం ఒక మాట. నేను చాట్, ఈమెయిల్ పనికి ఎంపికయ్యాను. ఇంటర్వ్యూ మొదట్లోనే, "నాకు నత్తి ఉంది, ఒక్కో మాటకు కాస్త సమయం పడుతుంది, వాక్యం పూర్తయ్యేదాకా ఆగితే చాలు" అని చెప్పాను. అలా చెప్పడం వల్ల అవతలివారు నా మాటను మధ్యలో అందుకోలేదు, నాకూ దాచే శ్రమ తప్పింది. ఉద్యోగ ప్రకటనలో ఫోన్ అని మాత్రమే ఉన్నా, రాతపని విభాగం ఉందేమో అడగడంలో తప్పు లేదు.

జాగ్రత్త:

తొలకరి గారికి వచ్చిన పిలుపు సవ్యంగానే కనిపిస్తోంది గానీ, ఈ రకం ఉద్యోగాల పేరుతో జరిగే మోసాల గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మా ఇంట్లో ఒకరు ఇందులో డబ్బు పోగొట్టుకున్నారు. గొంతు వినకుండా, ముఖం చూడకుండా, మెసేజ్‌లలోనే "ఇంటర్వ్యూ" ముగించి ఆ రోజే ఎంపికయ్యారనడం మొదటి గుర్తు. కస్టమర్లతో మాట్లాడాల్సిన మనిషి గొంతు వినకుండా ఏ నిజమైన సంస్థా తీసుకోదు. తరువాత శిక్షణకనో, రిజిస్ట్రేషన్‌కనో, ల్యాప్‌టాప్‌కు డిపాజిట్ అనో డబ్బు అడుగుతారు.

ఇంకో పద్ధతిలో వాళ్లే చెక్కు పంపి, సామగ్రి కొనుక్కుని మిగిలింది తిరిగి పంపమంటారు. కొన్ని దేశాల్లో చెక్కు పూర్తిగా తేలకముందే బ్యాంకు ఆ సొమ్మును ఖాతాలో చూపిస్తుంది కాబట్టి నమ్మి పంపేస్తారు. తరువాత చెక్కు నకిలీదని తేలితే, పంపిన సొమ్ము మొత్తం మన చేతి నుంచే పోయినట్టవుతుంది. మెయిల్ వచ్చిన చిరునామా సంస్థ వెబ్‌సైటు పేరుతో కలుస్తుందో లేదో అక్షరం అక్షరం చూడండి, ఆ వెబ్‌సైటులోని ఉద్యోగాల పేజీలో ఇదే ప్రకటన ఉందేమో వెతకండి. ఓటీపీ, బ్యాంకు పాస్‌వర్డు, కార్డు వివరాలు ఇంటర్వ్యూలో ఎవరికీ అక్కర్లేదు. జీతం వేయడానికి ఖాతా నంబర్ ఆఫర్ లెటర్ వచ్చాక, సంతకాలయ్యాక ఇవ్వవచ్చు.

తొలకరి:

పరీక్ష లింకు సంస్థ సొంత వెబ్‌సైటుదేనని సరిచూసుకున్నాను, డబ్బు మాట ఎక్కడా రాలేదు. జాగ్రత్త గారికి ధన్యవాదాలు, మీ ఇంటివారికి జరిగినదానికి చాలా బాధగా ఉంది.

"కోపంగా ఉన్న కస్టమర్‌ను మీరు సముదాయించిన సందర్భం చెప్పండి" అన్నదానికి ఒక జవాబు రాసుకున్నాను. దయచేసి దిద్దండి. "మా దుకాణంలో ఒక పెద్దాయన కొన్న మిక్సీ పని చేయడం లేదని తీసుకొచ్చారు. బిల్లు లేదు. మేము బిల్లు లేకుండా మార్చము. ఆయన చాలా కోప్పడ్డారు. మేము ఓపికగా వివరించి, పాత రికార్డుల్లో వెతికి, చివరికి మార్చి ఇచ్చాము. ఆయన సంతోషించారు."

వినికిడి:

సందర్భం చాలా మంచిది. ఇందులో మీరు కనిపించడం లేదు, అదొక్కటే లోపం. "మేము" అన్నచోటల్లా నిజంగా చేసిందెవరో చెప్పండి. వెతికింది మీరైతే "నేను వెతికాను" అనండి, నిర్ణయం మేనేజర్‌దైతే అదీ చెప్పండి. ఎలా వెతికారు? ఫోన్ నంబరుతోనా, కొన్న తేదీతోనా? వెతుకుతున్నంతసేపూ ఆ పెద్దాయన ఏం చేస్తున్నారు, ఆయనతో మీరు ఏమన్నారు? ఇంటర్వ్యూ చేసేవారు వినాలనుకునే భాగం అదే, దాన్నే మీరు "ఓపికగా వివరించి" అన్న రెండు మాటల్లో దాటేశారు. "ఆయన సంతోషించారు" అన్నదాని బదులు ఆయన వెళ్తూ అన్న మాటో, తరువాత జరిగిన మార్పో చెప్పండి.

తొలకరి:

వెతికింది నేనే. బిల్లులు తేదీల వారీగా ఉంటాయి కాబట్టి, ఆయనకు తేదీ గుర్తులేకపోతే, ఆ వేళ ఇంకేమైనా కొన్నారా, వెంట ఎవరున్నారు, పండగ ముందా తరువాతా అని అడుగుతూ వారం రోజుల మేరకు కుదించాను. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, "బిల్లు లేదని మిమ్మల్ని పంపించేయను, కానీ దొరికితేనే మార్చగలను, ఇద్దరం కలిసి వెతుకుదాం" అన్నాను. దొరికాక మేనేజర్ సంతకం పెట్టారు. ఆ తరువాత, బిల్లు ఇచ్చేటప్పుడే కస్టమర్ ఫోన్ నంబర్ కూడా రాసుకోవాలని నేను చెబితే దుకాణంలో అది అలవాటు చేశారు.

రెండో షిఫ్టు:

దీన్ని ఇలాగే చెప్పండి. "పంపించేయను, కానీ దొరికితేనే మార్చగలను" అన్న వాక్యంలో మాకు కావలసింది ఉంది. ఇవ్వలేని హామీ ఇవ్వకుండానే ఆయన పక్షాన నిలబడ్డారు. బట్టీ పట్టవద్దు. ఎదురుగా స్క్రీన్ మీద రాసిపెట్టుకుని చదివితే కళ్లు ఒకే గీత మీద కదులుతూ కనిపిస్తాయి, గొంతు కూడా మారిపోతుంది. రెండు మూడు గుర్తు మాటలు మాత్రం కెమెరా పక్కన అంటించుకోండి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు ఊరకే "లేదండీ" అనకండి. శిక్షణ కాలానికి జీతం ఉందా, కంప్యూటర్ తెరిచి అన్ని లాగిన్లూ పూర్తయ్యేదాకా పట్టే సమయం పని గంటల్లోకి వస్తుందా, హెడ్‌సెట్, కంప్యూటర్ వాళ్లు ఇస్తారా, మన తప్పు లేకుండా కరెంటో సర్వరో పోతే ఆ గంటల జీతం సంగతేమిటి, జీతం నెలకా గంటకా కాల్‌కా అన్నవి మర్యాదగా అడగదగినవే. షిఫ్టులు ఎంత ముందుగా చెబుతారు, స్క్రీన్‌నూ కెమెరానూ ఎంతవరకు గమనిస్తారు అన్నవి కూడా. వీటికి సూటిగా జవాబు చెప్పని సంస్థ విషయంలో మీరూ ఆలోచించుకోవాలి. అక్కడ ఒప్పుకున్నవన్నీ ఆఫర్ లెటర్‌లో రాతపూర్వకంగా ఉన్నాయో లేదో తరువాత చూసుకోండి.

తొలకరి:

ఒక్క చివరి సందేహం. మాక్ కాల్ మధ్యలోనే లైను తెగిపోతే ఏం చేయాలి? మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?

కేబుల్:

ఇంటర్వ్యూ చేసేవారి ఫోన్ నంబర్‌ను ముందే కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. అది మెయిల్‌లో మాత్రమే ఉంటే, ఇంటర్నెట్ పోయినప్పుడు మెయిల్ కూడా తెరుచుకోదు. ఒక నిమిషం లోపు హాట్‌స్పాట్ మీద తిరిగి చేరలేకపోతే నేరుగా ఫోన్ చేయండి.

రెండో షిఫ్టు:

చేరిన తరువాత పాత్రలోనే ఉండండి. "లైను తెగినందుకు మన్నించండి, పార్సిల్ నిన్న అందినట్టు చూపిస్తోందని చెప్పారు, మీ చిరునామా సరిచూస్తుండగా ఆగాము, ఇంటి నంబర్ ఇంకోసారి చెబుతారా?" అంటూ ఆగినచోటు నుంచే అందుకోండి. కస్టమర్ చెప్పినదాన్ని మళ్లీ చెప్పించకపోవడం అక్కడ మేము చూసేది. అందుకోసం కాల్ మొదలైనప్పటి నుంచీ ముఖ్యమైన ముక్కలు ఎక్కడో ఒకచోట రాసుకుంటూ ఉండాలి. కాగితం వాడవచ్చో లేదో ముందే అడగండి, వద్దంటే స్క్రీన్ మీద నోట్‌ప్యాడ్ తెరిచి ఉంచుకోవచ్చా అని అడగండి.